వర్చువల్ డిస్కు జీవిత దశలు

కిందటి భాగంలో వర్చువల్ మెషీన్‌కు డిస్కును ఎలా తగిలిస్తారో చదివారు. ఆ డిస్కు తయారైనప్పటి నుంచి తొలగించేదాకా ఏయే స్థితుల్లో ఉంటుంది, ఆ స్థితులను రూపొందించేటప్పుడు దేన్ని గమనించాలి అన్నది ఈ భాగంలో తెలుసుకుందాం.

చాలా ఏళ్ల కిందట ఇబ్రహీంపట్నం దగ్గర ఒక కళాశాల ప్రయోగశాలకు సలహా ఇవ్వడానికి వెళ్లేవాణ్ణి. విద్యార్థుల మెషీన్లకు డిస్కులు కేటాయించడానికి అక్కడ ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నారు. అందులో డిస్కుకు ఉన్నవి రెండే స్థితులు: ‘ఖాళీ’, ‘వాడుకలో’. ఒక సాయంత్రం ఒక డిస్కును విడదీయమని ఆదేశం ఇవ్వగానే ప్రోగ్రాం పట్టికలో ‘ఖాళీ’ అని రాసేసింది. మెషీన్ లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం దాన్ని ఇంకా వదల్లేదు. అదే డిస్కు మరో విద్యార్థి మెషీన్‌కు వెళ్లింది. ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా రెండూ ఒకే ఫైల్ సిస్టమ్‌లో రాశాయి. తెల్లారేసరికి ఒకమ్మాయి సెమిస్టర్ ప్రాజెక్టు మొత్తం పాడైపోయింది. బ్యాకప్ లేదు. ఆ నమూనా చూసి సరేనన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆదేశం ఇవ్వడమూ పని పూర్తికావడమూ ఒకటే అనుకోవడం అక్కడ జరిగిన పొరపాటు. అద్దె గదిని తలచుకోండి. టులెట్ బోర్డు పెడతాం, ఒకరు అడ్వాన్సు ఇస్తారు, సామాను దింపుకుంటారు, ఉంటారు. ఖాళీ చేయమని చెప్పినంత మాత్రాన గది ఖాళీ కాదు. సామాను బయటికి వెళ్లి, తాళంచెవి మన చేతికి వచ్చాకే మళ్లీ బోర్డు పెట్టాలి. ఓపెన్‌స్టాక్‌లో డిస్కులను చూసుకునే సిండర్ పాటించే పద్ధతి దాదాపు ఇదే. అవైలబుల్ అంటే బోర్డు, రిజర్వ్‌డ్ అంటే అడ్వాన్సు, అటాచింగ్ అంటే సామాను దింపడం, ఇన్-యూజ్ అంటే కాపురం. డిటాచింగ్ అంటే ఖాళీ చేయమని చెప్పి తాళంచెవి కోసం ఎదురుచూడటం. అద్దెకున్నవారు కదలకపోతే స్థితి తిరిగి ఇన్-యూజ్‌కే రావాలి, అవైలబుల్‌కు పోకూడదు.

ఇక్కడ విద్యార్థులు ఒక తేడా గమనించాలి. డేటా ఉండే డిస్కు వేరు, దాన్ని మెషీన్‌కు చూపే పరికరం వేరు. ఆ పరికరం హైపర్‌వైజర్ లోపల ఒక ఆబ్జెక్టు, దానికీ సొంత దశలున్నాయి. ఫాబ్రిస్ బెల్లార్ ప్రారంభించిన క్యూఈఎంయూలో ఆబ్జెక్టును పుట్టించడం ఒక దశ, ‘రియలైజ్’ చేయడం మరో దశ. మొదటి దశలో విఫలమయ్యే పని ఏదీ పెట్టరు. పరికరానికి ఏయే లక్షణాలున్నాయో చూడటానికి కూడా ఆబ్జెక్టును పుట్టిస్తారు కాబట్టి, అంతమాత్రానికే డిస్కు ఫైలు మీద చేయి పడకూడదు. డిస్కు ఇచ్చారా లేదా, అది వాడదగినదేనా అన్న పరీక్షలు రియలైజ్‌లో జరుగుతాయి. అది విఫలమైతే పొరపాటును తెలియజేసి వెనక్కి తగ్గుతుంది. తొలగించేటప్పుడు వరుస తిరగబడుతుంది: ముందు ‘అన్‌రియలైజ్’, ఆ ఆబ్జెక్టును పట్టుకున్నవారంతా వదిలాక ‘ఫైనలైజ్’.

నడుస్తున్న మెషీన్ నుంచి పీసీఐ డిస్కును తీయడానికి ఇచ్చే ‘డివైస్ డెల్’ ఆదేశం పేరుకే ఆదేశం, మామూలుగా అది ఒక విన్నపం. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ ఒప్పుకుని వదిలితేనే పరికరం పోతుంది. ఆదేశానికి జవాబుగా విజయం అని వచ్చినా, విన్నపం అందిందనే దానర్థం. పరికరం నిజంగా పోయిందని చెప్పే ‘డివైస్ డిలీటెడ్’ సందేశం 2013లో 1.5 సంచికతో వచ్చింది. మా ప్రోగ్రాం ఎదురుచూడవలసింది అలాంటి సందేశం కోసమే. 2017లో వచ్చిన 2.10 సంచిక నుంచి డిస్కు ఫైలుకు తాళం వేసే ఏర్పాటు కూడా ఉంది. రెండో మెషీన్ రాయడానికి తెరవబోతే మామూలుగా అక్కడే ఆగిపోతుంది. అయినా తాళం ఉంది కదా అని స్థితులను అశ్రద్ధ చేయడం నాకు నచ్చదు.

‘ఎర్రర్’ స్థితి గురించి ఒక మాట. సిండర్‌లో ‘రీసెట్ స్టేట్’ అనే ఆదేశం ఉంది. అది డేటాబేసులోని పేరును మారుస్తుంది తప్ప, అసలు డిస్కు తగిలి ఉందో లేదో చూడదు. కొత్త నిర్వాహకులు ఎర్రర్ కనిపించగానే దీన్ని వాడతారు. అంటే మేము ప్రోగ్రాంతో చేయించిన తప్పును వీళ్లు చేత్తో చేస్తారన్నమాట. అందుకే సిండర్ తొలగింపులో వచ్చిన దోషాన్ని మామూలు ఎర్రర్‌లో కలపకుండా ‘ఎర్రర్ డిలీటింగ్’ అని విడిగా పేర్కొంటుంది. పని ఎక్కడ ఆగిందో ఆ పేరే చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక డిస్కు డిటాచింగ్ స్థితిలో ఉండగా కరెంటు పోయి సర్వర్ ఆగింది. తిరిగి నడిచాక పట్టికలో డిటాచింగ్ అనే ఉంది. దాన్ని ఏ స్థితికి మార్చాలి? మార్చేముందు ఎవరిని అడిగి ఏం తెలుసుకోవాలి? ఐదారు వాక్యాల్లో రాయండి.