మీటరు సున్నాకు వచ్చిన వేళ

బాలలూ! ఒకనాడు నేను మనుమణ్ణి వెనక కూర్చోబెట్టుకొని, మా పాత స్కూటరు మీద మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు బయలుదేరాను. చెరువు కట్ట దగ్గర ఆగి మీటరు చూతును గదా, అయిదు సున్నాలు! బయలుదేరేటప్పుడు లక్షకు కొద్ది కిలోమీటర్లే తక్కువ. "తాతా, నీ స్కూటరు కొత్తదైపోయింది!" అని మనుమడు పకపక నవ్వాడు. మీటరులో ఉన్నవి అయిదు గళ్ళే. ఆరో అంకెకు చోటేదీ?

ఇదే పొరపాటు కంప్యూటరు చేస్తే నవ్వి ఊరుకోలేము.

మేడ్చల్‌లో ఒక వడ్ల గిడ్డంగి ఉందనుకోండి. ఒక రైతు 2501 బస్తాలు తెచ్చాడు. బస్తా 40 కిలోలు. అతని లెక్కల యంత్రానికీ అయిదు గళ్ళే. రావలసిన జవాబు 1,00,040. కనిపించింది 00040! "నాకు 40 కిలోలకు చోటు చాలు" అన్నాడు. గుమాస్తా సరేనని ఒక్క బస్తాకు చోటిచ్చాడు. తక్కిన 2500 బస్తాలూ పక్కవారి విత్తనాల మీద పడ్డాయి!

కంప్యూటరులో తక్కిన ప్రోగ్రాములన్నిటికీ పెద్దదిక్కు కెర్నెల్. లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి 1991లో మొదలుపెట్టిన లినక్స్ అటువంటిదే. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ అదే. కెర్నెల్ భాగాలకు మెమరీలో చోటిచ్చే గుమాస్తా పేరు కేమాలక్. ఎంత చోటు కావాలో అడిగేవాడే గుణించి చెప్పాలి. 32 బిట్ల యంత్రంలో లెక్క 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 దాటితే మళ్ళీ సున్నా నుంచే మొదలు. అప్పుడు పక్కనున్న సమాచారం చెడిపోతుంది. దొంగలు కావాలనే అటువంటి అంకెలు పంపి లోపలికి చొరబడతారు కూడా.

2012లో కేమాలక్ అర్రే అనే కొత్త గుమాస్తా వచ్చాడు. "నీవు గుణించకు. ఎన్ని, ఒక్కొక్కటి ఎంత, ఈ రెండూ చెప్పు" అంటాడు. తానే లెక్క చూసి, గళ్ళు చాలకపోతే చోటు లేదు పొమ్మంటాడు. తప్పు చోటు ఇవ్వడం కన్న ఇవ్వకపోవడమే నయం గదా!

అయితే పాత పద్ధతిలో అడిగేవారు కెర్నెల్ నిండా మిగిలిపోయారు. 2018లో కీస్ కుక్ అనే ఇంజనీరు వారిని వెతికి వెతికి మార్చాడు. మార్పు చూడబోతే చిన్నదే: పేరు మార్చి, గుణకారం గుర్తు తీసి కామా పెట్టడం! కాని ఎన్నో దస్త్రాలు. చేత్తో అయ్యే పని కాదు. అందుకు ఫ్రాన్సులో తయారైన కాక్సినెల్ అనే పనిముట్టు సాయపడింది. ఫ్రెంచిలో ఆ మాటకు అక్షింతల పురుగు అని అర్థం. చేలో పేనుబంకను తినేది అదే. కంప్యూటరువారు తప్పులను పురుగులంటారు. పేరు బాగా కుదిరింది!

ఇక మీ వంతు. పలక మీద అయిదు గళ్ళు గీసి, 4001ని 25తో గుణించండి. గళ్ళలో మిగిలిందెంత? ఎన్ని బస్తాలు బయట పడ్డాయి?