పెళ్లి డిస్కులో ఉంది... చూసేదెలా?

ఓర్వకల్లులో ఓ ఇల్లు. ఇంజినీరింగులో చేరిన కొడుక్కి కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. అది చూడగానే అమ్మ బీరువా తెరిచి, పట్టుచీరల కింది నుంచి ఓ ప్లాస్టిక్ డబ్బా తీసుకొచ్చింది. అందులో రెండు డీవీడీలు. 2006లో జరిగిన తన పెళ్లి వీడియో అది.

‘మా నాయన మాట దీంట్లో ఉందప్పా, ఒక్కసారి వినిపియ్యి’ అంది. ఆ నాయన ఇప్పుడు లేడు. కొడుకు ల్యాప్‌టాప్‌ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ‘సీడీ పెట్టేదానికి దీంట్లో జాగానే లేదు మా!’ అన్నాడు. ఇంట్లో ఉన్న డీవీడీ ప్లేయరేమో పాడై ఎప్పుడో అటకెక్కింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి ఉందా? అయితే ఈ కథ మీదే.

రెండేళ్ల యుద్ధం

విచిత్రమేమిటంటే, ఆ పెళ్లి జరిగిన 2006లోనే డిస్కుల లోకంలో పెద్ద యుద్ధం మొదలైంది. ఒకవైపు తోషిబా ముందుండి నడిపించిన హెచ్‌డీ డీవీడీ. మరోవైపు సోనీ, పానాసోనిక్, ఫిలిప్స్ లాంటి కంపెనీలు వెనకున్న బ్లూ-రే. పరిమాణంలో రెండూ మామూలు సీడీ అంతే. కానీ ఒకదాని యంత్రంలో మరొకటి ఆడదు!

రెండింటి బలమూ లేజర్‌లోనే ఉంది. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. కొత్త డిస్కులు రెండూ 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజర్ వాడాయి. మొద్దు పెన్సిల్‌తో పలకంతా పట్టే మాటల్ని సన్న ములికితో ఓ మూలన రాసేయొచ్చు కదా... ఇదీ అంతే. ఒక పొరలో డీవీడీ 4.7 జీబీ దాచుకుంటే, హెచ్‌డీ డీవీడీ 15 జీబీ, బ్లూ-రే 25 జీబీ దాచుకున్నాయి. హెచ్‌డీ డీవీడీ నిర్మాణం పాత డీవీడీకి దగ్గర. కాబట్టి తయారీ సులువన్నది తోషిబా వాదన. మా డిస్కులో ఎక్కువ పడుతుందన్నది బ్లూ-రే వాదన.

ఈ పోరు ల్యాప్‌టాప్‌ల దాకా పాకింది. తోషిబా తన కాస్మియోలో హెచ్‌డీ డీవీడీ డ్రైవ్ పెట్టింది. సోనీ తన వాయోలో బ్లూ-రే బిగించింది. ఏది కొనాలో తెలియక జనం తలలు పట్టుకున్నారు. 2006 చివర్లో వచ్చిన ప్లేస్టేషన్-3లో బ్లూ-రే డ్రైవ్ ఉండటంతో అది ఆటల పేరుతోనే లక్షల ఇళ్లలోకి వెళ్లిపోయింది. 2008 జనవరిలో వార్నర్ సంస్థ ఇక తన సినిమాలు బ్లూ-రేలోనే అని తేల్చేసింది. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. అప్పటికే హెచ్‌డీ డీవీడీ కొన్నవాళ్ల సంగతి... అంతే!

గెలిచినా...

పోనీ గెలిచిన బ్లూ-రే రాజ్యమేలిందా అంటే అదీ లేదు. పెన్‌డ్రైవ్‌లు చవకయ్యాయి. సినిమాలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. ల్యాప్‌టాప్‌లు సన్నబడుతూ ముందు వదిలించుకున్నది డిస్కు డ్రైవునే. ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఓడింది రెండేళ్లలో పోయింది, గెలిచింది మెల్లగా పక్కకు తప్పుకుంటోంది. ఏ డిస్కునైనా శాశ్వతం అనుకుంటే పొరపాటని ఈ కథ చెబుతోంది.

ఏ డ్రైవ్ కొనాలి?

డ్రైవ్ కోసం ల్యాప్‌టాప్ మార్చక్కర్లేదు. యూఎస్‌బీ తీగతో తగిలించే డీవీడీ డ్రైవ్‌లు విడిగా దొరుకుతాయి. ఇంట్లో ఉన్నవి సీడీలు, వీసీడీలు, డీవీడీలే అయితే అది చాలు. బ్లూ-రే డ్రైవ్ డీవీడీలనూ చదువుతుంది కానీ ధర బాగా ఎక్కువ. పైగా సినిమా బ్లూ-రేలు చూడాలంటే వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. మీ దగ్గర ఆ డిస్కులు లేకపోతే దాని జోలికి వెళ్లొద్దు. కొనేముందు మీ ల్యాప్‌టాప్‌కి ఉన్నది మామూలు యూఎస్‌బీయా, టైప్-సీయా చూసుకోండి. విండోస్‌లో డీవీడీ ఆడకపోతే ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్ వేసుకోండి.

పాత ల్యాప్‌టాప్‌లో లోపలి డ్రైవ్ పాడైతే దాని మందం కొలవండి. ఎక్కువగా 12.7 మిల్లీమీటర్లో, 9.5 మిల్లీమీటర్లో ఉంటుంది. ఒకదాని చోట మరొకటి సరిగ్గా అమరదు.

చూసి ఊరుకోవద్దు

పెళ్లి డీవీడీల్లాంటి రాసే డిస్కుల్లో రంగు పొర ఉంటుంది. ఎండకీ వేడికీ అది పాడవుతుంది. మన కర్నూలు ఎండల సంగతి చెప్పాలా! కాబట్టి డిస్కు ఆడిందని సంబరపడి మళ్లీ డబ్బాలో పెట్టేయకండి. అందులోని ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు కాపీ చేయండి. ఒక కాపీ హార్డ్‌డిస్క్‌లో, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరో అన్న దగ్గరో ఉంచండి. డిస్కు మురికిగా ఉంటే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా కాదు.

ఓర్వకల్లు మండలంలోనే కేతవరం దగ్గర రాళ్ల మీద ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి. వాటిని చూడ్డానికి కళ్లుంటే చాలు. డిస్కు అలా కాదు, చదివే యంత్రం ఉన్నన్నాళ్లే అది నోరు విప్పుతుంది.

ఆ కొడుకు స్నేహితుడి దగ్గర డ్రైవ్ అడిగి తెచ్చాడు. రెండో డిస్కులో, భోజనాల దగ్గర, తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన కనిపించాడు. ‘తినకుండా ఎవరూ పోవద్దండప్పా’ అంటూ పంక్తుల మధ్య తిరుగుతున్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, ‘ఇంగొకసారి పెట్టు’ అంది.