సముద్రంలో దూకిన చిన్నదొర

పిల్లలూ! పారిస్ నగరంలో 1875లో తెరిచిన గొప్ప ఒపేరా నాటకశాల ఒకటి ఉన్నది. దాని నేలమాళిగలో నిజంగానే పెద్ద నీటి తొట్టి ఉన్నది. ఆ నీటిని సరస్సుగా ఊహించి, గాస్తోన్ లెరూ అనే ఫ్రెంచి రచయిత "ఒపేరా భూతం" కథ అల్లాడు. 1910లో అది పుస్తకంగా వచ్చింది.

ముసుగు వేసుకున్న ఎరిక్‌నూ, గాయని క్రిస్టీన్‌నూ అందరూ తలుచుకుంటారు. కాని ఆమెను ప్రేమించిన రౌల్ ఎవరు?

రౌల్ షాన్యీ అనే పాత ప్రభువంశం వాడు. అతని అన్న ఫిలిప్ కౌంట్. రౌల్ అంతకంటె ఒక మెట్టు తక్కువైన వైకౌంట్. అన్నదమ్ములకు ఇరవై ఏళ్ల తేడా. రౌల్ పుట్టగానే తల్లి పోయింది. పన్నెండో ఏట తండ్రీ పోయాడు. అప్పటినుంచీ అన్నే అతనికి తండ్రి. బ్రెస్ట్ రేవులో ఉండే ముసలి అత్త ఒకామె, నావికుడి వితంతువు, అతనికి సముద్రంమీద మోజు పుట్టించింది. అతను నౌకాదళంలో చేరాడు.

చిన్నతనంలో ఒకనాడు క్రిస్టీన్ కండువా గాలికి ఎగిరి సముద్రంలో పడింది. రౌల్ బట్టలతోనే దూకి దాన్ని తెచ్చి ఇచ్చాడు. వారి స్నేహం అలా మొదలైంది.

పెద్దయ్యాక ఆమెను పెళ్లాడతానంటే అన్న ఒప్పుకోలేదు. ప్రభువంశమెక్కడ, నాటకశాలలో పాడే పిల్ల ఎక్కడ అన్నాడు. ఇంతలో ఫిలిప్ ఆ సరస్సు ఒడ్డున చచ్చిపడి ఉన్నాడు. తమ్ముడిమీద అనుమానం పడింది! నిజానికి అన్నదమ్ములకు ఒకరంటే ఒకరికి ప్రాణం. కథ చెప్పేవాడు సాక్ష్యాలు వెతికి ఆ నింద తుడిచేస్తాడు.

1986లో ఆండ్రూ లాయిడ్ వెబర్ స్వరపరచిన సంగీత నాటకం లండన్‌లో మొదలైంది. న్యూయార్కులో అది 1988 నుంచి 2023 దాకా 13,981 సార్లు ఆడింది. అందులో రౌల్ నాటకశాలకు డబ్బిచ్చే కొత్త పోషకుడు. అన్న లేడు, నౌకాదళమూ లేదు. కండువా మాత్రం మిగిలింది. ఎందుకంటారా? నవలకు వందల పేజీలు ఉంటాయి. రంగస్థలానికి రెండున్నర గంటలే. చెప్పవలసినదంతా పాటలలో చెప్పాలి.

కాని ఒక సంగతి గమనించండి. నాటకంలో రౌల్ ప్రియురాలికోసం ప్రాణానికి తెగిస్తాడు. నవలలో ప్రాణంతో పాటు ఇంటినీ, పరువునూ, చివరకు అన్ననూ పోగొట్టుకుంటాడు. ఎవరి ధైర్యం పెద్దదో మీరే చెప్పండి!