తెరమీది చేతిమార్పిడి

కంప్యూటరు తెరమీద నొక ఫోటోను మౌసుతో పట్టి, ప్రక్కనున్న ఉత్తరములోనికి లాగి విడుచుట నేడు బడిపిల్లలకును అలవాటైన పని. చూచువారికి ఆ బొమ్మ చేతి వెంట నడచి పోయి క్రొత్తచోట దిగినట్లే యుండును. నిజమునకు, లాగుచున్నంత సేపు కదలునది ఒక నీడ మాత్రమే. అసలు వస్తువు చేతులు మారునది మౌసు మీటను విడిచిన తరువాత. అదియు రెండు ప్రోగ్రాములు తమలో తాము ఒక ఒడంబడికకు వచ్చినప్పుడే. ఆ ఒడంబడికలో ప్రోగ్రాము వ్రాసినవాడు ఒక్క మాట తప్పు పలికించినను మన ఫోటో ఇక్కడను మిగులదు, అక్కడను చేరదు.

1984లో ఆపిల్ సంస్థ మాకింటాషును విడుదల చేసిన నాటికే ఫైలు బొమ్మను చెత్తబుట్టలోనికి లాగి పారవేయు పద్ధతి కలదు. (ఆ యంత్రము నుండి ఫ్లాపీ డిస్కును బయటికి తీయుటకును దాని బొమ్మను ఆ చెత్తబుట్టలోనికే లాగెడివారు. చేసిన పనియంతయు చెరిగిపోవునేమోయని క్రొత్తవారు జంకుటలో వింత యేమున్నది?) కాని అది ఒక ప్రోగ్రాము తన యింటి సామానును తానే సర్దుకొనుట వంటిది. ఒకరు వ్రాసిన ప్రోగ్రాము నుండి, దానిని ఎన్నడును ఎరుగని మరియొకరి ప్రోగ్రామునకు వస్తువును అందించుట వేరు సమస్య. విండోస్‌లో దీనికి 1993లో వచ్చిన ఓఎల్ఈ రెండవ కూర్పు ఒక కట్టుబాటు నేర్పరచినది. నేటికిని అక్కడి డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు అదియే ఆధారము.

ఇందు విండోస్ వహించు పాత్ర పెండ్లిళ్ల పేరయ్యది. ఇచ్చువారు, పుచ్చుకొనువారు ఒకరి ముఖ మొకరు ఎరుగరు. రాయబార మంతయు అతనిదే. మీట నొక్కినంతనే లాగుడు మొదలు కాదు. చేయి కొంచెము వణికినను పనికి భంగము రాకుండ, మౌసు సూచిక మామూలుగా నాలుగు చుక్కల మేర దాటి జరిగినప్పుడే దానిని లాగుడుగా ఎంచుదురు. అంతట ఇచ్చు ప్రోగ్రాము ‘డేటా ఆబ్జెక్టు’ అను దానిని పేరయ్య చేతి కిచ్చును. అందు ఉండునది సరుకు కాదు, సరుకుల జాబితా: నా యొద్ద నున్న దానిని ఈ యీ రూపములలో ఇయ్యగలను, నకలు తీసికొననిత్తును, తరలింపనిత్తును అని.

సూచిక ఏ కిటికీ మీదికి పోయినను పేరయ్య ఆ యింటివారిని అడుగుచునే యుండును: మీకిది సమ్మతమా, ఏ విధముగా? వారి జవాబును బట్టియే సూచిక ప్రక్కన కూడిక గుర్తో, అడ్డగీత గల వలయమో కనబడును. ఈ ప్రశ్న సెకనునకు ఎన్నోసార్లు వచ్చును గనుక జవాబు తడుముకొనక చెప్పవలెను. ఆ సమయమున ఫైలును తెరచి చదువ బూనిన ప్రోగ్రాము తెరనంతయు కుంటువడజేయును. నడుమ మనసు మారినచో ఎస్కేప్ మీట నొక్కిన చాలును, సంబంధము రద్దు.

మీటను విడిచిన పిదప పుచ్చుకొను ప్రోగ్రాము జాబితాలో తనకు నచ్చిన రూపమును కోరును. ఈ ఎన్నిక తెలుగువారికి బాగుగా అనుభవములోనిదే. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, మన అచ్చుపనివారు చిరకాలము అను ఫాంటుల వంటివి వాడిరి. వానిలో అక్షరమునకు వెనుకనున్న సంకేతము తెలుగుది కాదు; ఫాంటు పేరు తోడున్నంత వరకే అది తెలుగుగా కనబడును. అట్టి వాక్యమును లాగి విడిచినప్పుడు, పుచ్చుకొను ప్రోగ్రాము ఫాంటు వివరములు గల రూపమును కోరినచో తెలుగే దిగును. ఉత్త పాఠమును కోరినచో ఫాంటు పేరు దారిలో రాలిపోయి, ఇంగ్లీషు అక్షరములును చిత్రమైన గుర్తులును కలగలిసిన గజిబిజి దిగును. ఆ దోషము టైపు చేసినవారిది కాదు.

అన్నింటికన్న ప్రమాదకరమైనది తరలింపు. నకలు తీయుటలో అసలు భద్రముగా నుండును. తరలింపులో ఎవరో ఒకరు అసలును చెరుపవలెను. కట్టుబాటు ప్రకారము ఆ భారము ఇచ్చువానిది. అదియు పుచ్చుకొనువాడు ‘తరలించితిని’ అని చెప్పిన తరువాతనే. కావున వస్తువు తన యొద్ద నిలిచినదని రూఢి చేసికొనకయే ఆ మాట పలుకు ప్రోగ్రాము ద్రోహము చేసినట్లే. డిస్కులో చోటు చాలక వ్రాత విఫలమైనను, ఆ మాట నమ్మి ఇచ్చువాడు తన ప్రతిని చెరిపివేయును.

ఒకే పత్రములో చివరి వాక్యమును మొదటికి లాగినప్పుడు మరియొక చిక్కు. వాక్యము ముందు చేరగానే దాని వెనుకనున్నదంతయు ఆ మేరకు క్రిందికి జరుగును. లెక్క సవరించుకొనక పాత స్థానమునే చెరుపు ప్రోగ్రాము, పాపము, వేరొక వాక్యమును తుడిచిపెట్టును.

ఫైళ్ల విషయమున ఇంకను సూక్ష్మము కలదు. ఒకే డిస్కులో ఒక ఫోల్డరు నుండి మరియొక దానికి ఫైలును తరలించుటకు నకలు తీయ నక్కరలేదు. పుచ్చుకొను ప్రోగ్రామే దాని చిరునామాను మార్చివేయును. అట్టిచో అది ‘తరలించితిని’ అని పైకి చెప్పరాదు. చెప్పినచో ఇచ్చువాడు చెరుపుటకు పూనుకొనును. అందుచే పైకి ‘ఏమియు లేదు’ అని బదులిచ్చి, జరిగినది తరలింపే యని వేరొక చీటీలో తెలుపవలెనని నియమము. వినుటకు ఇది కపటమువలె తోచును గాని, ఆ ఫైలును కాపాడునది ఈ కపటమే.

గృహస్థులు ఎరుగవలసిన నియమ మొకటి. విండోస్‌లో ఫైలును ఒకే డ్రైవులో లాగినచో తరలింపు, వేరొక డ్రైవునకు లాగినచో నకలు. అందుచేతనే పెన్‌డ్రైవునకు లాగిన పెండ్లి ఫోటోలు ఇంటి కంప్యూటరులోను మిగిలియుండును. కంట్రోల్ మీటను పట్టి లాగిన నకలు, షిఫ్ట్ మీటను పట్టి లాగిన తరలింపు. సందేహమున్నచో కుడి మీటతో లాగవలెను. విడిచిన చోట ఏమి చేయవలెనని యంత్రమే అడుగును.