లినక్సునకు క్రొత్తవారు ఈమెయిలు ప్రోగ్రామును ఎన్నుకొను విధము

విండోసును విడిచి లినక్సునకు వచ్చినవారికి మొదట కలుగు చిక్కులలో నొకటి, ఉత్తరములు చూచుకొనుటకు ఏ ప్రోగ్రామును పెట్టుకొనవలెనన్నది. విండోసులో వాడుకపడిన ఔట్‌లుక్ ప్రోగ్రాము లినక్సునకై చేయబడినది కాదు. దానికి మాఱుగ నిచ్చట ఐదాఱు ప్రోగ్రాములు కలవు. అవి యన్నియు ఉచితములే. వెల భేదమున్నచో కొంత త్రోవ తెలియును. ఇచ్చట నా యాధారమును లేదు. కావున దేనినిబట్టి ఎన్నుకొనవలయునో నాకు తోచినంతవఱకు మనవి చేసెదను.

రూపమును చూచుటకు ముందు, మన ఉత్తరము ఎక్కడ నిలిచియుండునో తెలిసికొనవలయును. ఇందు రెండు పద్ధతులు కలవు. పాప్ అనునది తపాలా జవాను ఉత్తరమును మన యింటికి తెచ్చి యిచ్చుట వంటిది. నకలు అచ్చటనే యుంచుమని మనము చెప్పనిచో, పిమ్మట తపాలా కచేరిలో నేమియు మిగులదు. ఐమాప్ అనునది 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు మార్క్ క్రిస్పిన్ రూపొందించిన పద్ధతి. ఇందు ఉత్తరము కచేరియందే, అనగా సర్వరునందే యుండును; కంప్యూటరులో చూచినను, ఫోనులో చూచినను అదియే కనబడును.

నా యెఱుకలోని యొక పెద్దమనిషి పాప్ పద్ధతిని పదేండ్ల యుత్తరములను ఒకే కంప్యూటరులోనికి దింపుకొనిరి. దాని డిస్కు చెడిపోగా, విదేశముననున్న కుమారుని జాబులతోపాటు, పొలముగట్టు తగాదాలో వకీలు వ్రాసిన జాబులును పోయినవి. కావున క్రొత్తవారికి ఐమాపే మేలు. అయితే దానియందును ఒక జాగ్రత్త వలయును: ఒకచోట చెఱిపివేసిన ఉత్తరము అన్నిచోట్లను పోవును. ముఖ్యమైన వానికి నకలు వేఱుగ నుంచుకొనవలయును.

రెండవది, ఉత్తరములను ప్రోగ్రాము ఏ తీరున దాచునో చూడవలయును. యుడోరా అను ప్రోగ్రామును స్టీవ్ డార్నర్ 1988లో వ్రాసెను. పిమ్మట దానిని చేపట్టిన క్వాల్‌కామ్ కంపెనీ, దాని పాత రూపమును విరమించుచున్నట్లు 2006లో ప్రకటించెను. కాని యుడోరా ఉత్తరములను సాధారణాక్షరముల ఫైళ్లలో దాచుచుండెను గనుక, వాడుకరులు వానిని ఇతర ప్రోగ్రాములలోనికి తరలించుకొనగలిగిరి. ఎవరికిని తెలియని గుప్తరూపమున దాచియున్నచో ఆ పని కఠినమై యుండెడిది.

ఇక ప్రోగ్రాముల మాట. థండర్‌బర్డు మొదటి పూర్ణరూపము 2004 డిసెంబరులో వెలువడినది. ఎంబాక్సు అను సాధారణాక్షరముల తీరున ఉత్తరములను దాచును. లినక్సు మింటుతో ముందుగనే చేర్చబడి వచ్చును. ఎవల్యూషనులో ఉత్తరములతోపాటు పంచాంగమును చిరునామాలును కలిసియుండును. ఆఫీసులలోని మైక్రోసాఫ్టు ఎక్స్‌ఛేంజితో పనియున్నవారికి అనుకూలము. కేమెయిల్ కేడీయీ తెరను వాడువారికి తగినది. గియరీ మిక్కిలి సులభము, కాని దానియందు పాప్ పద్ధతి లేదు. క్లాస్ మెయిల్ పాత కంప్యూటర్లపై చుఱుకుగ నడచును, కాని రంగులును అలంకారములును గల ఉత్తరములను వ్రాయనేరదు. మట్ అనునది కేవలము మీటలతో నడచునది, క్రొత్తవారికి చెప్పదగదు.

నా సలహా యేమన, మొదట థండర్‌బర్డును పెట్టుకొనుడు. పేరును చిరునామాయును ఇచ్చినచో, పేరొందిన సేవలకు సర్వరు వివరములను అదియే వెదకికొనును. 2022 మే 30 నుండి గూగుల్ వారు వ్యక్తిగత ఖాతాలకు, ఇతర ప్రోగ్రాములలో మామూలు సంకేతపదమును మాత్రమే యిచ్చి ప్రవేశించుటను మాన్పించిరి. కావున జీమెయిలు గలవారికి గూగుల్ వారి ప్రవేశపుటయే తెఱచుకొనును. దానిని చూచి భయపడనక్కఱలేదు. తరువాత ఐమాప్ అనుదానినే ఎన్నుకొనుడు. అది నచ్చనిచో అదే ఖాతాకు ఎవల్యూషనును తగిలించి చూడవచ్చును. ఉత్తరములు సర్వరునందే యుండును గనుక నష్టము లేదు. తెలుగు అక్షరములకు బదులు గడులు కనబడినచో అది ప్రోగ్రాము దోషము కాదు; లోహిత్ వంటి తెలుగు ఖతిని చేర్చిన సరిపోవును.

అంతయు అమర్చినపిమ్మట మీకు మీరే యొక యుత్తరము పంపుకొనుడు. అది కంప్యూటరునందును ఫోనునందును కనబడినచో అమరిక కుదిరినట్లే. అటుపిమ్మట నెలకొకసారి ముఖ్యమైన ఉత్తరములను వేఱొక డిస్కులోనికి నకలు తీసికొనుట అలవాటు చేసికొనుడు.