నేల విడువని పాదం

చార్మినార్ వద్ద బయలుదేరి ఆరాంఘర్ మీదుగా పాత కర్నూలు రహదారి పట్టి శంషాబాద్ విమానాశ్రయం చేరాలంటే సుమారు ఇరవై కిలోమీటర్లు ప్రయాణించాలి. రద్దీ ఉన్న సాయంత్రం వేళ కారులో వెళ్లేవారికి సైతం గంట పట్టినా ఆశ్చర్యపడనక్కరలేదు. సరిగ్గా ఇరవై కిలోమీటర్ల దూరాన్ని ఒక మనిషి 1 గంట 17 నిమిషాల 21 సెకన్లలో కాలినడకన దాటాడు. పరుగెత్తలేదు, నడిచాడు. 2003 ఆగస్టు 23న పారిస్‌లో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో నమోదైన ఈ కాలం ఆనాటికి ప్రపంచ రికార్డు. ఉదయం నమాజు తరువాత పార్కులో చురుగ్గా నడిచే మన పెద్దలు గంటకు ఐదారు కిలోమీటర్లు దాటితే అదే గొప్ప. ఆయన వేగం గంటకు పదిహేను కిలోమీటర్లకు పైమాటే.

ఆయన పేరు జెఫర్సన్ పెరెజ్. దక్షిణ అమెరికా ఖండంలో, ఆండీస్ పర్వతాలను ఆనుకొని ఉన్న ఈక్వెడార్ దేశస్థుడు. ఆటలలో పేరు గడించి రాజకీయాలలో ప్రవేశించిన వారు లోకంలో ఎందరో ఉన్నారు. క్రికెట్ నుండి, ఫుట్‌బాల్ నుండి, కుస్తీ బరి నుండి ఎన్నికల బరికి నడిచిన వారి కథలు మనకు సుపరిచితాలే. నడక పందెం నుండి వచ్చిన వారు మాత్రం బహు అరుదు. పెరెజ్ జీవితం చెప్పుకోదగినది కావడానికి ఈ అరుదుతనం ఒక్కటే కారణం కాదు. ఆయన జీవితమంతా సాధన చేసిన క్రీడ స్వభావం తెలిస్తే గాని, ఆ తరువాత ఆయన కోరుకున్న పదవి ఎంత భిన్నమైన ప్రపంచానిదో బోధపడదు.

నేల విడిచి సాము చేయరాదని మన పెద్దలు అంటారు. రేస్‌వాకింగ్ నియమాల సారమంతా దాదాపు ఆ మాటలోనే ఉంది. నడిచేవాని రెండు పాదాలు ఒకేసారి నేలను విడిచినట్లు కంటికి కనిపించరాదు. ఇది మొదటి నియమం. ముందుకు వేసిన కాలు నేలను తాకిన క్షణం నుండి శరీరం దానిపై నిటారుగా నిలిచేవరకు మోకాలు వంగరాదు. ఇది రెండవది. దారి పొడవునా న్యాయనిర్ణేతలు నిలబడి ఉంటారు. యంత్రాల సాయం లేదు, కెమెరాల సాక్ష్యం లేదు. వారి కన్నే ప్రమాణం. తప్పు జరగబోతున్నదనిపిస్తే పసుపు పలక చూపి హెచ్చరిస్తారు. తప్పు జరిగిందనుకుంటే ఎర్ర కార్డు రాస్తారు. ముగ్గురు వేర్వేరు న్యాయనిర్ణేతలు అలా రాస్తే ఆ క్రీడాకారుడు పోటీ నుండి తొలగిపోవలసిందే. తొలగించే ముందు కొంతసేపు శిక్షగా ఒకచోట నిలబెట్టే పద్ధతి ఇటీవలి కాలంలో వచ్చింది.

పరుగు పందెంలో ముందుగా గీత దాటినవాడే విజేత. ఇక్కడ అలా కాదు. గీత దాటడమే కాక ఎలా దాటారన్నది కూడా లెక్కకు వస్తుంది. ఆ తుంటి ఊపు, బిగిసిన మోకాళ్లు చూసి నవ్వేవారు మన దేశంలోనే కాదు, అన్ని దేశాలలోనూ ఉన్నారు. నవ్వులు భరించడం కూడా ఈ క్రీడలో సాధనలో భాగమే కాబోలు. మన దేశానికి 1978 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో హకమ్ సింగ్, 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో చాంద్ రామ్ ఈ నడకలోనే స్వర్ణ పతకాలు తెచ్చారు. వారి పేర్లు నేటి పిల్లలలో ఎందరికి తెలుసునో!

పెరెజ్ 1974 జూలై 1న కుయెంకా నగరంలో, ఎల్ వెసీనో అనే పేదల పేటలో జన్మించారు. సముద్రమట్టానికి దాదాపు రెండున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న నగరమది. గడ్డితో అల్లే టోపీలకు ప్రసిద్ధి. పనామా టోపీలని లోకం పిలిచే ఆ టోపీలు నిజానికి ఈక్వెడార్‌వే. ఇంటి లేమి వలన ఆ పిల్లవాడు చదువుకుంటూనే వీధులలో వార్తాపత్రికలు అమ్మాడు. లూయీస్ మునోస్ అనే శిక్షకుని కంట పడి నడకలో చేరాడు. నడకకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. మైదానం అక్కరలేదు. జత బూట్లు, కొండదారి ఉంటే చాలు. పేదింటి బిడ్డకు అందుబాటులో ఉన్న క్రీడ అది. పదహారేళ్ల వయసులో, 1990లో, ప్రపంచ జూనియర్ పోటీలలో కాంస్యం గెలిచాడు. 1992లో అదే పోటీలలో స్వర్ణం గెలిచాడు.

1996 జూలై 26న అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇరవై కిలోమీటర్ల నడకను 1 గంట 20 నిమిషాల 7 సెకన్లలో ముగించి ఆయన స్వర్ణ పతకం అందుకున్నారు. వెనుక ఉన్న రష్యా క్రీడాకారునికి, ఆయనకు నడుమ తేడా తొమ్మిది సెకన్లు. అప్పటికి ఈక్వెడార్‌కు ఒలింపిక్స్‌లో ఏ పతకమూ లేదు. ఇరవై రెండేళ్ల యువకుడు తెచ్చిన ఆ మొదటి పతకమే స్వర్ణం. ఆ తేదీని ఆ దేశం నేటికీ జాతీయ క్రీడా దినంగా జరుపుకుంటుంది.

స్వదేశం చేరిన పెరెజ్ చేసిన పని విచిత్రమైనది. గెలిస్తే కాలినడకన యాత్ర చేస్తానని తన విశ్వాసం ప్రకారం ఆయన మొక్కుకున్నారు. రాజధాని కిటో నుండి తన ఊరు కుయెంకా వరకు కొండదారిలో 459 కిలోమీటర్లు ప్రయాణించి ఆ మొక్కు తీర్చుకున్నారు. హైదరాబాద్ నుండి నెల్లూరు దాకా ఉన్నంత దూరం! ఊరేగింపు కారెక్కి దండలు వేయించుకోవలసిన రోజులలో ఆయన రోడ్డు మీద ఉన్నారు.

ఇక్కడ మన పాఠకులకు ఒక హదీసు స్ఫురించకపోదు. కాబాకు నడిచి వెళతానని మొక్కుకున్న ఒక వృద్ధుడు ఇద్దరు కొడుకుల భుజాల మీద ఆనుకొని ఈడ్చుకుంటూ నడుస్తుండగా దైవప్రవక్త (స) చూశారు. అతడు తనను తాను హింసించుకోవలసిన అవసరం అల్లాహ్‌కు లేదని తెలిపి, వాహనమెక్కమని ఆదేశించారు. అనస్ (ర) ఉల్లేఖించిన ఈ సంఘటనలో మొక్కు విలువను తగ్గించడం లేదు, మనిషి దేహానికి ఉన్న హక్కును గుర్తుచేయడం ఉంది. శంషాబాద్ విమానాశ్రయం నుండి హజ్‌కు బయలుదేరే పెద్దలు నెలల ముందు నుండే నడక అలవాటు చేసుకోవాలని చెప్పడంలోని మర్మం కూడా ఇదే. సఫా మర్వాల మధ్య ఏడు మార్లు తిరిగితేనే మూడు కిలోమీటర్లు దాటుతుంది. మినా, అరఫాత్ నడక ఆపై ఉండనే ఉంది. పెరెజ్ సంగతి వేరు. ఆయనకు నడక జీవనవృత్తి. 459 కిలోమీటర్లు ఆయన కాళ్లు మోయగల బరువే.

అట్లాంటా తరువాతి కాలం అంత సులువుగా సాగలేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆయనది నాలుగవ స్థానం. ఆనాటి పోటీ చరిత్రలో నిలిచిపోయింది, అయితే వేరొకరి వలన. మెక్సికోకు చెందిన బెర్నార్దో సెగూరా అందరికన్నా ముందు గీత దాటాడు. మెక్సికో అధ్యక్షుడు ఎర్నెస్తో సెదీయో ఫోన్ చేసి అభినందిస్తుండగా, ఇంకా ఫోన్ చెవిదగ్గరే ఉండగా, న్యాయనిర్ణేత వచ్చి ఎర్ర కార్డు చూపాడు. స్వర్ణం వెనుక వచ్చిన పోలండ్ క్రీడాకారుడు రాబర్ట్ కొర్జెనియోవ్‌స్కీకి దక్కింది. దేశాధ్యక్షుని అభినందన ముగియక ముందే విజయం చేజారిపోయే క్రీడ మరొకటి ఉన్నదా? అధికారంలో ఉన్నవారి ఫోను ఎర్ర కార్డును ఆపలేకపోయింది. మన దేశంలో ఫోన్లతో ఆగిపోయే కార్డులు ఎన్నో ఉన్నాయి కనుక ఈ ముచ్చట ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది.

2004 ఏథెన్స్‌లోనూ పెరెజ్‌కు నాలుగవ స్థానమే. ఆ రెండు ఒలింపిక్స్ నడుమ, ఆ తరువాత మాత్రం ప్రపంచ పోటీలలో ఆయనకు ఎదురు లేకపోయింది. 2003 పారిస్, 2005 హెల్సింకి, 2007 ఒసాకా, వరుసగా మూడుసార్లు ప్రపంచ విజేత. ఈ ప్రయాణంలోనే కుయెంకాలోని అసువాయ్ విశ్వవిద్యాలయంలో వాణిజ్య విద్య కూడా అభ్యసించారు. 2008లో, శంషాబాద్‌లో మన కొత్త విమానాశ్రయం ప్రారంభమైన సంవత్సరంలో, ముప్పై నాలుగేళ్ల వయసున బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లి రజతం తెచ్చుకుని క్రీడకు వీడ్కోలు పలికారు. ఆయనను 14 సెకన్ల తేడాతో ఓడించిన రష్యా క్రీడాకారుడు వలెరీ బోర్చిన్‌పై 2015లో నిషిద్ధ ఔషధాల నేరానికి ఎనిమిదేళ్ల నిషేధం పడింది. రద్దయిన ఫలితాలు తరువాతి సంవత్సరాలవి కావడంతో బీజింగ్ స్వర్ణం బోర్చిన్ పేరుననే ఉండిపోయింది. కంటికి కనిపించే తప్పును పట్టే న్యాయనిర్ణేతకు నెత్తుటిలో దాగిన తప్పు కనిపించదు.

1996 మొదలు 2021 వరకు, పాతికేళ్ల పాటు, ఈక్వెడార్ ఒలింపిక్ పతకాలంటే పెరెజ్ తెచ్చిన ఆ రెండే. ఇంతటి మనిషి పదవి కోరితే జనం కాదంటారా?

అన్నారు. 2019 మార్చి 24న ఈక్వెడార్‌లో స్థానిక ఎన్నికలు జరిగాయి. పెరెజ్ తన సొంత ఊరు కుయెంకాకు మేయర్ కావాలని పోటీ చేశారు. పెద్ద పదవికి కాదు, దేశ రాజధానిలో కాదు. తాను పత్రికలు అమ్మిన వీధులున్న ఊరికే. పెద్రో పలాసియోస్ గెలిచారు, పెరెజ్ ఓడారు.

ఎందుకు ఓడారన్నదానికి ఒక్క జవాబు చెప్పడం కుదరదు. ఆనాటి కుయెంకా పరిస్థితి చూస్తే కొంత ఊహించవచ్చు. నగరంలో ట్రామ్ నిర్మాణం 2013లో మొదలై ఏళ్ల తరబడి వీధులను తవ్వి ఉంచింది. 2020 వరకు అది ప్రయాణికులకు అందనే లేదు. దుకాణం ముందు గుంత ఉన్న వ్యాపారికి కావలసింది గుంత పూడ్చేవాడు. పతకం ఆ గుంతను పూడ్చదు. మన శంషాబాద్ సంగతే తీసుకోండి. విమానాశ్రయం వచ్చిన తరువాత భూమి విలువ మారింది, ఊరి రూపు మారింది. అయినా ఓటు అడగవచ్చిన వారిని గృహిణి అడిగేది నల్లా నీళ్ల గురించే, మురుగు కాలువ గురించే. ఆ ప్రశ్న న్యాయమైనది. కీర్తిని చూసి ఓటు వేయని ఓటరును నిందించలేము. చాలాసార్లు అభినందించవలసి ఉంటుంది కూడా.

అయితే రెండవ వైపు ఒకటుంది. నియమానికి లోబడి గెలవడం నేర్చిన మనిషి ప్రజాజీవితంలోకి రాకపోతే నష్టం ఎవరికి? పదవిని కోరి అడగవద్దని, అడిగి పుచ్చుకుంటే దాని భారానికే వదిలివేయబడతావని, అడగకుండా లభిస్తే సహాయం అందుతుందని దైవప్రవక్త (స) అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (ర)కు బోధించారు. మరోవైపు, కరువు ముంచుకొస్తున్న వేళ ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని యూసుఫ్ (అ) తామే కోరినట్లు దివ్య ఖుర్ఆన్ తెలుపుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న సన్నని దారి గురించి పండితులు ఎంతో చర్చించారు. పదవి మీద మోజు వేరు, బాధ్యత మోయగల అర్హత ఉండి ముందుకు రావడం వేరు. పెరెజ్ మనసులో ఏది ఎంత ఉన్నదో మనం తేల్చలేము. ఓడిపోయే అవకాశం ఉన్న చోట, తనను బాల్యం నుండి ఎరిగిన వారి ముందే నిలబడ్డారన్నది మాత్రం కళ్లెదుట ఉన్న విషయం.

హైదరాబాదీయులకు ఈ సందర్భంలో మహమ్మద్ అజహరుద్దీన్ గుర్తుకు రావడం సహజం. తొలి మూడు టెస్టులలోనూ శతకాలు చేసిన ఆయనపై 2000లో క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం విధించింది. అది చెల్లదని 2012లో హైకోర్టు తీర్పునిచ్చింది. ఈలోగా 2009లో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 2023లో తన నగరంలోని జూబ్లీహిల్స్‌లో శాసనసభకు పోటీ చేసి ఓడారు. 2025 అక్టోబరు 31న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశారు. పరాయి ఊరు గెలిపించింది, సొంత ఊరు ఓడించింది. కుయెంకాలో పెరెజ్‌కు జరిగినదీ సొంత ఊరి పరీక్షే. దూరం నుండి చూసేవారికి క్రీడాకారుని ఆట కనిపిస్తుంది. ఇరుగుపొరుగు వారికి మనిషీ కనిపిస్తాడు, ఆ మనిషి చుట్టూ చేరిన వారూ కనిపిస్తారు.

మేయర్ పదవి దక్కకపోయినా కుయెంకా వీధులలో పెరెజ్ మొదలుపెట్టినది ఆగలేదు. ఆ ఊరి పిల్లలు నడకను ఇష్టపడి నేర్చుకుంటూనే వచ్చారు. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో, ఐఫిల్ టవర్ సమీపాన వేసిన దారిలో, ఇరవై కిలోమీటర్ల నడక స్వర్ణాన్ని బ్రయాన్ డేనియల్ పింటాడో అనే ఈక్వెడార్ క్రీడాకారుడు 1 గంట 18 నిమిషాల 55 సెకన్లలో గెలుచుకున్నాడు. వారం తిరగకముందే గ్లెండా మొరెహోన్ అనే సహక్రీడాకారిణితో కలిసి మిశ్రమ పోటీలో రజతం కూడా సాధించాడు. అట్లాంటాలో పెరెజ్ గెలిచిన రోజుకు పింటాడో ఏడాది నిండీ నిండని పసివాడు. అతడు పుట్టిందీ కుయెంకాలోనే.