వాసన ముసుగులో తేనెదొంగ

నువ్వుచేను వేసే తెలుగు రైతులకు తోకపై కొమ్మున్న లావుపాటి గొంగళిపురుగు పరిచయమే. పెరిగాక అది వీపున పుర్రెబొమ్మ గల రెక్కల పురుగు, అఖెరోంటియా స్టిక్స్. రాత్రివేళ తేనెపట్టులో దూరి, పొట్టి తొండంతో మైనపు మూత పొడిచి తేనె తాగుతుంది.

వేల ముళ్ల నడుమ దానికి ప్రాణమెలా దక్కుతుంది? చీకటి పట్టులో తేనెటీగ తనవారిని ఒంటిపూత వాసనతోనే పోల్చుకుంటుంది. 1991లో మోరిట్జ్, కిర్ష్‌నర్, క్రూ ఈ పురుగు దగ్గరి బంధువైన అఖెరోంటియా అట్రొపోస్‌ను పరీక్షించారు. దాని ఒంటిపై పామిటోలిక్, పామిటిక్, స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలు తేనెటీగ ఒంటిమీది పాళ్లలోనే కనిపించాయి. కిచకిచలతో రాణీ ఈగను అనుకరిస్తుందన్న పాత ఊహ ముచ్చటైనదే గాని, ఈ కొలతల ముందు నిలవడం కష్టం. ముసుగూ సంపూర్ణం కాదు. పట్టులోనే చచ్చిపడిన పురుగులు తేనెటీగల పెంపకందారులకు అప్పుడప్పుడు దొరుకుతుంటాయి.